ఎడమచేతి బ్రేకు

తుమ్మలకోన అడవిలో కుందేళ్లు, ముంగిసలు, ముళ్లపందులు, ఎలుగుబంట్లు కొండ మీద కాపురముండేవి. ఏనుగుల మంద కోన అడుగున వాగు ఒడ్డున ఉండేది. ఒక చిరుత కూడా ఉండేది. అది ఏ పూట ఎక్కడ ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆ అడవిలో భయమంతా దాని గురించే.

ఆ జంతువులు సైకిళ్లు తొక్కేవి. నవ్వకండి, వాటికి అది సరదా కాదు. ఎండలు ముదిరితే కొండ మీది ఊట ఎండిపోతుంది. పిల్లల గొంతు తడవాలంటే వాగు దాకా పోవాలి. నడిచి దిగినవన్నీ చిరుత నోట్లో పడ్డాయి. అందుకని సైకిలు వెనక నీళ్ల క్యాను కట్టుకుని ఘాట్ రోడ్డు మీద జారిపోయేవి. నీళ్లు పట్టుకున్నాక ఏనుగుల మంద వెంట గుంపుగా పైకి నడిచి వచ్చేవి. ఏనుగులు తోడుంటే చిరుత దగ్గరికి రాదు.

దారి మధ్యలో గద్దముక్కు మలుపు ఉంది. ఒక పక్క పెద్ద పెద్ద బండలు, ఇంకో పక్క లోయ. మలుపులో వేగంగా వెళ్తే లోయలో పడతారు. దారంతా మెల్లగా వెళ్తే బండల వెనక నుంచి చిరుత దూకుతుంది. మలుపు దాకా వదలాలి, మలుపులో పట్టాలి, దాటగానే మళ్లీ వదలాలి. ప్రాణాలన్నీ బ్రేకుల మీదే ఉండేవి.

అందుకే పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. దిగే ముందు అందరూ ఘాట్ మొదట్లో ఉన్న ఆగుడుబండ దగ్గర వరసలో నిలబడాలి. వెనకున్న జంతువు ముందున్న దాని బ్రేకులు నొక్కి చూడాలి. అది తల ఊపితేనే దిగాలి. ఊపకపోతే ఆ రోజుకు ఇంటికి తిరిగి పోవాలి.

పిల్లలకు సైకిలు నేర్పేటప్పుడు కూడా మొట్టమొదట ఇదే చెప్పేవారు. "ఎడమ చెయ్యి వెనక చక్రానిది. కుడి చెయ్యి ముందు చక్రానిది. భయమేస్తే ముందు ఎడమ చెయ్యి బిగించు."

ఆ అడవిలో చెంగమ్మ అనే కుందేలుకు అందరికంటే భయం ఎక్కువ. ఎండుటాకు కదిలినా ఉలిక్కిపడేది. దానికి కారణం లేకపోలేదు. పోయిన ఎండాకాలం దాని అక్క గద్దముక్కు మలుపులో బ్రేకు పట్టింది. అరిగిపోయిన రబ్బరు ఆపలేకపోయింది. సైకిలు లోయలో దొరికింది. అక్క దొరకలేదు.

అక్క పిల్లలూ తన పిల్లలూ కలిసి ఇప్పుడు చెంగమ్మ బొరియ నిండా పిల్లలే. తనకేమన్నా అయితే వాటికి చుక్క నీళ్లు తెచ్చేవారు లేరు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా చెంగమ్మకు నోట్లో తడి ఆరిపోయేది.

కొండ మీద సైకిలు అంగడి ఒక్కటే. అది ఓబులేసు అనే ఎలుగుబంటిది.

"మామా, ఇంతకంటే గట్టి బ్రేకు రబ్బర్లు లేవా?" అని చెంగమ్మ అడిగింది.

"ఉండేవి ఇవే. కొంటే కొను, లేకుంటే కాళ్లు నేలకు ఆనించి ఆపుకో" అని ఓబులేసు కసురుకుంది.

చెంగమ్మ ఉసిరిచెట్టు దగ్గరికి పోయింది. ఆ అడవిలో ఫోనుకు సిగ్నలు దొరికేది అక్కడే. సముద్రాలకు అవతల, మంచు కురిసే దేశంలో ఒక అంగడి ఫోనులో కనిపించింది. అక్కడి బ్రేకులు రబ్బరువి కావు. చక్రం నడుమ ఇనప బిళ్ల, దాన్ని గట్టిగా పట్టే దవడ, చేతి దగ్గర నుంచి దవడ దాకా నూనె గొట్టం. ఎంత వాలులోనైనా నిలబెడతాయట. అక్క దగ్గర ఇవి ఉండి ఉంటే అనుకుంది చెంగమ్మ. కళ్లు చెమర్చాయి.

అయినా వెంటనే కొనలేదు. భయం కదా! చక్రాన్ని గడ్డిపోచతో కొలిచింది. ఆ కొలత పంపి, "మా చక్రానికి సరిపోతాయా? సరిపోకపోతే వెనక్కి తీసుకుంటారా?" అని అడిగింది.

"సరిపోతాయి. నచ్చకపోతే పాడుచెయ్యకుండా తిరిగి పంపండి, మార్చి ఇస్తాం" అని జవాబు వచ్చింది.

ఆ దేశం నుంచి సరుకు తెచ్చేవి వలస బాతులు. చలికాలమంతా అవి గుంపులు గుంపులుగా వస్తూ పోతూ ఉంటాయి. ఎండ చురుక్కుమనగానే ఆఖరి గుంపు వెళ్లిపోతుంది. ఆ తరువాత తెచ్చేవారూ లేరు, తిరిగి తీసుకుపోయేవారూ లేరు. అది తెలిసే చెంగమ్మ తొలి చలికే, ఏడాదంతా దాచుకున్న ఉసిరికాయలన్నీ ఇచ్చి బ్రేకులు తెప్పించుకుంది.

ఓబులేసు సణుగుతూనే వాటిని బిగించింది. "ఇదిగో, రేపు ఈ గొట్టం కారితే పొయ్యడానికి నా దగ్గర ఆ నూనె లేదు. గొట్టాలు అటూ ఇటూ మార్చమన్నా నాకు రాదు. నీ తిప్పలు నువ్వు పడు" అంది.

చెంగమ్మ ఘాట్ రోడ్డు వైపు వెళ్లలేదు. చదునుగా ఉన్న ఇసుక మేట మీదికి వెళ్లింది. నాలుగు తొక్కులు తొక్కి, చిన్నప్పటి నుంచీ అలవాటైనట్టు ఎడమ చెయ్యి నొక్కింది.

ముందు చక్రం టక్కున నిలిచిపోయింది. వెనక చక్రం గాల్లోకి లేచింది. చెంగమ్మ హ్యాండిలు మీదుగా ఎగిరి ఇసుకలో మూతి గుచ్చుకుని పడింది.

కాసేపు లేవలేకపోయింది. దెబ్బ కాదు, వణుకు. ఇదే గద్దముక్కు మలుపులో జరిగి ఉంటే? తను ఎక్కడ పడేదో, తన మీద ఏం పడేదో కళ్లకు కట్టింది. చెవులు రెండూ ముడుచుకుని అక్కడే కూర్చుండిపోయింది.

తరువాత ఒక్కొక్క బ్రేకూ నొక్కి చూసింది. ఆ దేశంలో ఎడమ చెయ్యి ముందు చక్రానిది, కుడి చెయ్యి వెనక చక్రానిది. వాళ్ల అలవాటు వాళ్లది. వస్తువులో తప్పేమీ లేదు. అది తన చేతికి తగినది కాదు, అంతే.

చెంగమ్మ ఓబులేసు చేత బ్రేకులు విప్పించి, తుడిచి, పెట్టెలో పెట్టి బాతులకు అప్పగించింది. "మా చేతి అలవాటుకు తగినవి పంపండి" అని చెప్పి పంపింది.

పక్క పుట్టలో మునిరత్నం అనే ముంగిస ఉండేది. బాగా డాబుసరి జంతువు. తన కుచ్చు తోక చూసుకుని మురిసిపోవడం దానికి పొద్దున లేవగానే మొదటి పని.

"ఉసిరికాయలూ పోయె, బ్రేకులూ పోయె. సముద్రంలో పారేసుకున్నట్టే లే అక్కా" అని అది పడీ పడీ నవ్వింది.

చెంగమ్మకు లోపల గుబులుగానే ఉండేది. బాతులు వచ్చిన ప్రతిసారీ పరుగెత్తేది. ఖాళీ చేతులతో తిరిగొచ్చేది. చివరికి ఒకరోజు పెట్టె వచ్చింది. ఈసారి ఎడమ నొక్కితే వెనక చక్రమే ఆగింది.

అప్పుడైనా దానికి భయం తీరలేదు. పిల్లలతో, "నేను తొక్కుతూ ఉంటాను. మీరు పొదల్లో దాక్కుని, నేను ఊహించనప్పుడు చిరుతా అని అరవండి" అని చెప్పింది. పిల్లలకు అంతకంటే ఏం కావాలి! ఏ పొదలో చూసినా ఒక కుందేలు పిల్లే. చెంగమ్మ గుండె ఆగినంత పనయ్యేది. కానీ ప్రతిసారీ సైకిలు వంకర తిరగకుండా నిలిచేది.

అది చూసి మునిరత్నానికి కన్ను కుట్టింది. అదే అంగడిలో ఎర్ర బ్రేకులు, మెరిసే టోపీ, నల్లద్దాలు, చేతి తొడుగులు తెప్పించింది. ఏమీ అడగలేదు. పెట్టె ఆఖరి బాతుల గుంపుతో వచ్చింది. మునిరత్నం తాడు విప్పేసరికి బాతులు ఆకాశంలో గీతలా కనిపించాయి.

ఓబులేసు వాటిని బిగించాక చెంగమ్మ వచ్చి నొక్కి చూసింది. "తమ్ముడూ, ఇవి నాకు మొదట వచ్చినవాటిలాంటివే. ఎడమ నొక్కితే ముందు చక్రం పడుతుంది. వీటితో ఘాట్ దిగొద్దు."

"నాకు తెలుసులే అక్కా. ఎడమది ముందు, కుడిది వెనక. గుర్తు పెట్టుకుంటే సరిపోయె. ఇంత మాత్రం గుర్తుండదా నాకు?"

"గుర్తుండేది తలకు. భయమేస్తే చెయ్యి తలను అడగదు తమ్ముడూ."

"నీకు భయం. నాకు లేదు" అని మునిరత్నం నల్లద్దాలు పెట్టుకుంది.

ఎండలు ముదిరాయి. ఊట ఎండింది. మొదటి రోజు పొద్దున్నే అందరూ ఆగుడుబండ దగ్గర నిలబడ్డారు. మునిరత్నం వెనక చెంగమ్మ వంతు వచ్చింది. కట్టుబాటు ప్రకారం దాని బ్రేకులు నొక్కింది. తల ఊపలేదు.

"ఈ రోజు దిగొద్దు" అంది.

వరసలో ఉన్నవన్నీ మునిరత్నం వైపు చూశాయి. అంత కొత్త టోపీ పెట్టుకుని అందరి ముందూ ఇంటికి తిరిగి పోవడమా? దానికి తల కొట్టేసినట్టయింది.

"మీ రబ్బరు ముక్కలకు పెట్టిన కట్టుబాటు నా బ్రేకులకెందుకు?" అని, కుచ్చు తోక ఒకసారి విదిలించి, సైకిలు వదిలేసింది.

బొరియలో పిల్లలు ఖాళీ కుండ చుట్టూ కూర్చుని ఉన్నాయి. వెనకున్న ముళ్లపంది చెంగమ్మ బ్రేకులు నొక్కి చూసి తల ఊపింది. ఇక తప్పదు. చెంగమ్మ కూడా దిగింది.

గాలి చెవుల్లో హోరెత్తింది. ముందు మునిరత్నం మెరిసే టోపీ దూసుకుపోతోంది. మొదట్లో పిట్టలు కూస్తున్నాయి. గద్దముక్కు దగ్గర పడేసరికి ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. చెంగమ్మ ముక్కుకు ఒక వాసన తగిలింది. పోయిన ఎండాకాలం అక్క సైకిలుకు అంటుకుని ఉన్న వాసన అది.

"తమ్ముడూ!" అని అరవబోయింది.

బండ మీద నుంచి చిరుత మునిరత్నం ముందుకు దూకింది.

మునిరత్నానికి అన్నీ గుర్తున్నాయి. ఎడమది ముందు, కుడిది వెనక. కానీ చెయ్యి ఆగలేదు. చిన్నప్పుడు తల్లి నేర్పినట్టే ఎడమ చెయ్యి గట్టిగా బిగుసుకుంది. ముందు చక్రం నిలిచిపోయింది. సైకిలు పల్టీ కొట్టి లోయలోకి పోయింది. ఎర్ర బ్రేకులు, ఇనప బిళ్లలు రాళ్లకు తగులుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. మునిరత్నం రోడ్డు మధ్యలో పడి ఉంది. కాలు కదలడం లేదు. చిరుతకు తొందరేమీ లేదు. మెల్లగా అడుగు వేసింది.

చెంగమ్మ వేగంగా వస్తోంది. పక్క నుంచి దూసుకుపోతే బతికిపోతుంది. చిరుతకు తిండి దొరికింది, తన వెంట పడదు. ఆ మాట దాని మనసులోకి రాకుండా పోలేదు. బొరియలో పిల్లలు గుర్తొచ్చాయి. అక్క కూడా గుర్తొచ్చింది. ఆ రోజు అక్క దగ్గర ఎవరూ ఆగలేదు.

భయంతో ఎడమ చెయ్యి దానంతట అదే బిగిసింది. వెనక చక్రం పట్టింది. తరువాత కుడి చెయ్యి. సైకిలు దుమ్ము లేపుకుంటూ మునిరత్నం పక్కనే నిలిచింది.

"ఎక్కు!"

మునిరత్నం క్యాను పట్టుకుని సైకిలు వెనక పాకి ఎక్కింది. చెంగమ్మ బ్రేకులు వదిలేసింది. చిరుత దూకింది. ఒక కేక వినిపించింది. అది మునిరత్నానిదో తనదో చెంగమ్మకు తెలియలేదు. లోయ అంచు ఎదురొచ్చింది. రెండు చేతులూ బిగించింది. చక్రం పక్కన గులకరాళ్లు లోయలోకి రాలాయి. సైకిలు మలుపు తిరిగింది. కింద ఏనుగుల మంద కనిపించింది. ఏనుగులు తొండాలెత్తి ఘీంకరించాయి. చిరుత వెనక్కి తిరిగింది.

వాగు ఒడ్డున చెంగమ్మ చేతులు హ్యాండిలు నుంచి విడిపించుకోలేకపోయింది. అంతగా బిగుసుకుపోయాయి. మునిరత్నం వెనక్కి తిరిగి చూసుకుంది. కుచ్చు తోక సగమే ఉంది.

ఆ ఎండాకాలమంతా మునిరత్నం కుంటుతూ పొరుగువాళ్లు తెచ్చిన నీళ్లు తాగింది. మళ్లీ చలి రాగానే చెంగమ్మ బొరియ ముందుకొచ్చి నిలబడింది.

"అక్కా, ఆ అంగడివాళ్లను ఏమేం అడగాలో చెప్పు" అంది.

ఈసారి బ్రేకులు తొలి బాతులతో వచ్చాయి. చేతి అలవాటుకు తగినవే వచ్చాయి. మునిరత్నం రోజూ ఇసుక మేట మీద తొక్కేది. ఒకరోజు పొద వెనక నుంచి చెంగమ్మ పిల్లలన్నీ ఒక్కసారిగా "చిరుతా!" అని అరిచాయి.

మునిరత్నం ఒళ్లంతా వణికింది. సైకిలు మాత్రం నిటారుగా నిలిచింది.

చెంగమ్మ పొద లోంచి బయటికి వచ్చి తల ఊపింది.

నీతి: దూరదేశపు మంచి వస్తువును కొనడం తప్పు కాదు, అడిగి కొనాలి, తిరిగి పంపే వీలుండగా పరీక్షించాలి, మన చేతికి అలవాటయ్యాకే దాని మీద ప్రాణం పెట్టాలి.