గొర్రె నెమరు ఎందుకు వేస్తుంది?

ఒకప్పుడు గొర్రె పొట్టలో ఒక్కటే గది ఉండేది. గడ్డిపరకలు కొరికి, అక్కడే నిలబడి మెత్తగా నమిలి మింగేది. అంతసేపూ తల నేలకే.

ఆ రోజుల్లో బొల్లి అనే గొర్రె గుట్ట పక్కన రెండు పిల్లల్ని ఈనింది. ఆకలేసి నాలుగు పరకలు నమిలి తల ఎత్తేసరికి ఒక పిల్ల లేదు. చెవిమీద తెల్లమచ్చ ఉన్న పిల్ల. ఎవరు ఎత్తుకుపోయారో బొల్లి చూడనేలేదు.

ఇక ఎవర్నీ నమ్మలేకపోయింది. పొద కదిలితే అనుమానం. కదలకపోతే ఇంకా అనుమానం. తల దించాలంటే భయం. మేత లేక పాలు ఇంకిపోయాయి. మిగిలిన పిల్ల పొదుగు కుమ్మి కుమ్మి, "అమ్మా, పాలేవి?" అని ఏడ్చింది.

అప్పుడొచ్చింది నక్క.

"ఎంత చిక్కిపోయావక్కా! నేను కాపలా ఉంటాలే. నువ్వు నింపాదిగా మెయ్యి."

"నీకెందుకు శ్రమ?" అంది బొల్లి.

"పాపం, మచ్చచెవి పిల్లని పోగొట్టుకున్నావు. జాలి ఉండదా?"

బొల్లి పిల్లని దగ్గరికి లాక్కుంది. పుట్టగానే పోయిన పిల్ల అది. దాని చెవి సంగతి ఎవరికీ చెప్పలేదే! నక్కకెలా తెలుసు?

పైకి మాత్రం, "సరే తమ్ముడూ" అంది.

పారిపోదామంటే గుట్టమీద అంతా బండలే, గడ్డి లేదు. మేయకపోతే పాలు రావు. బొల్లి పిల్లని కాళ్లమధ్య పెట్టుకుని గబగబా గడ్డి పీకి, నమలకుండానే మింగేసింది. అది నమలడంలో ఎప్పుడు మునుగుతుందా అని నక్క కాచుకుంది. మునిగితే కదా! పొట్ట నిండగానే బొల్లి పిల్లని తోసుకుంటూ నిటారు బండ ఎక్కేసింది. నక్క వెంట ఉరికింది, గోళ్లు జారి దబ్బున కిందపడింది.

పైకెళ్లాక పొట్ట గోల పెట్టింది. "గడ్డిని గడ్డిలాగే పంపావేంటి? నాకేమైనా పళ్లున్నాయా?"

"కింద నమిలితే నా బిడ్డ దక్కేది కాదు" అంది బొల్లి.

పొట్ట మెత్తబడింది. "అయితే నాలుగు గదులు చేసుకుంటాను. మొదట గడ్డిని దాచి నానబెడతాను. నువ్వు భద్రంగా కూర్చున్నాక ముద్దముద్దగా పైకి పంపుతాను. తల ఎత్తుకునే నములు. తర్వాత మిగతా గదుల్లో అరిగించుకుంటాను."

ముద్ద నోట్లోకి వచ్చింది. బొల్లి నమిలింది, చూపు మాత్రం కిందున్న నక్క మీదే. సాయంత్రానికి పొదుగు నిండింది. పిల్ల తోక ఆడిస్తూ తాగింది.

అప్పటినుంచే గొర్రెలు గబగబా మేసి, తర్వాత కూర్చుని నెమరు వేస్తాయి. దగ్గరికెళ్లి చూడండి. దవడ ఠక్కున ఆపి, మిమ్మల్ని కూడా ఓసారి అనుమానంగా చూస్తాయి.