తొమ్మిది గింజల చేను

రాజుగారి మాట కొండ కింద ఎంత చెల్లేదో, సుక్కిరి అవ్వ మాట కొండ మీద అంత చెల్లే రోజులవి. ఒకనాడు మంత్రి మార్తాండయ్య వరి విత్తనాల బస్తాలు మోయించుకుని కొండెక్కి వచ్చాడు. వెంట ఈటెలవాళ్లు, విలుకాళ్లు, వేటకుక్కలు, పాముకాటు వైద్యుడు.

సామ, కొర్ర, కంది, జొన్న అంటూ తొమ్మిది రకాలు కలిపి చల్లిన అవ్వ చేను చూసి ముక్కు చిట్లించాడు.

“ఇది చేనా, చెత్తకుప్పా? మీ బాగు కోరి చెబుతున్నాను. ఇదంతా పీకేసి వరి ఒక్కటే వెయ్యండి. కాదన్నవాళ్లు కొండ ఖాళీ చెయ్యాలి!”

అవ్వకు ఒళ్లు మండింది. అయినా నవ్వుతూనే అంది.

“అలాగే దొరా. మాకు వరి సాగు రాదు. విలుకాళ్లు తప్ప నీవాళ్లందర్నీ ఇక్కడ వదిలెయ్యి, నేర్పుతారు. నువ్వు దిగేటప్పుడు తోడుకి విలుకాళ్లు చాలు కదా?”

మంత్రి అదిరిపడ్డాడు. “మతి పోయిందా? ఎలుగుబంటి మీదపడితే ఈటె ఉండాలి. పొదలో పులి ఉంటే కుక్క పసిగట్టాలి. పాము కరిస్తే వైద్యుడు కావాలి. అడవిలో ఏ ఆపద ఎటునుంచి వస్తుందో ఎవరికి తెలుసు?”

“ఒక్క పూట దారికే నీకు నాలుగు రకాల తోడు కావాలి. ఏడాదంతా బతకాల్సిన మాకు మాత్రం ఒక్క గింజ చాలా? వాన మొహం చాటేస్తే సామ నిలబడుద్ది. సామను పిట్టలు తినేస్తే కంది మిగులుద్ది. చేను పీకం దొరా. కొండా దిగం.”

మంత్రి పరివారాన్నంతా వెంటేసుకుని గబగబా దిగిపోయాడు. ఆ కంగారులో బస్తాలు మరిచిపోయాడు.

అవ్వ ఒక బస్తా విప్పి, గుప్పెడు వడ్లు తీసి, పదో రకంగా తన విత్తనాల బుట్టలో కలిపేసింది.