మార్చురీ బల్ల మీద మాస్టారు

ఏడుపు రావడం రస్సెల్ ఓడమ్‌కి ఎప్పుడూ కష్టం కాలేదు. ఆ రోజు చిక్కల్లా, ఎంత బాగా ఏడ్చినా డైరెక్టర్ లొరేన్ ఒప్పుకోకపోవడమే.

లాస్ ఏంజెలెస్‌లో ఒక టీవీ సీరియల్ షూటింగ్ అది. హీరో రస్సెలే, డిటెక్టివ్ వేషం. సీను చిన్నది. డిటెక్టివ్ మార్చురీకి వస్తాడు, బల్ల మీద శవానికి కప్పిన గుడ్డ తొలగిస్తాడు, అది ఇరవై ఏళ్ళుగా తను చూడని తండ్రిదని గుర్తుపడతాడు.

ఆ శవం వేషానికి పిలిచింది హార్లన్ టిబెట్స్‌ని.

ఆయనకి డెబ్భై తొమ్మిదేళ్ళు. నలభై నాలుగేళ్ళ పాటు సినిమాల్లో, సీరియళ్ళలో చిన్న వేషాలు వేశాడు. షెరీఫ్, జైలు కాపలావాడు, కసాయి, పడవ నడిపేవాడు, ఏదైనా రెండు మూడు సీన్లే. తెరమీద ఆయన్ని కాల్చారు, ఉరి తీశారు, నదిలో ముంచారు. ముఖం అందరికీ తెలుసు, పేరు ఎవరికీ తెలియదు. బజార్లో జనం ఆపి, "మీరు మా ఇంట్లో పైపు బాగుచేశారు కదూ?" అని అడిగితే, అవునని తలూపి పోయేవాడు. శనివారాలు ఒక లాండ్రీ పైన ఉన్న గదిలో నటన నేర్పేవాడు. రస్సెల్ ఆరేళ్ళు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు.

పొద్దున సెట్లో ఉక్కుబల్ల ఎక్కుతున్న ఆయన్ని చూసి రస్సెల్‌కి తల కొట్టేసినట్టయింది.

"ఈ వేషం మీకెందుకు మాస్టారూ? వచ్చే వారం జడ్జి వేషం ఉంది, నేను మాట్లాడతాను."

"జడ్జికి మాటలుంటాయి," అన్నాడు హార్లన్.

"నాలుగు లైన్లే."

"నాలుగూ బుర్రలో నిలవవు. మొన్నొక చోట రెండు లైన్ల కోసం పూటంతా అందర్నీ నిలబెట్టాను. చివరికి ఎవరో చెయ్యి పట్టుకుని నా కారు దాకా తీసుకెళ్ళారు. అది నా కారేనని వాళ్ళు చెప్తేనే తెలిసింది." ఆయన మెల్లగా వెనక్కి వాలాడు. "శవానికి ఆ గొడవ లేదు."

రస్సెల్ వెళ్ళి తలుపు దగ్గర తన చోట నిలబడ్డాడు.

మొదటి టేకులోనే ఎడమ కంటి నుంచి నీటిబొట్టు సరిగ్గా వెలుగు పడే చోటికి జారింది. లొరేన్ కాసేపు మానిటర్ వంక చూసి, "మళ్ళీ చేద్దాం," అంది. అలా ఏడుసార్లు అన్నది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

లైట్లు మారుస్తున్నారు. రస్సెల్ బల్ల పక్కన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏడుసార్లూ నిజమైన కన్నీళ్ళే మాస్టారూ. గ్లిజరిన్ కూడా ముట్టుకోలేదు. ఇంకేం కావాలట ఆవిడకి? మీరే చెప్పండి."

హార్లన్ కళ్ళు తెరిచాడు. పెదాలు నీలంగా ఉన్నాయి, రంగు వల్లనో చలి వల్లనో. చాలాసేపు రస్సెల్ ముఖం వంకే చూశాడు.

"నువ్వెవరబ్బాయివి బాబూ?" అన్నాడు.

రస్సెల్ నవ్వబోయి, ఆ కళ్ళు చూసి ఆగిపోయాడు.

"నేను మాస్టారూ. రస్‌ని."

"రస్," అన్నాడు ఆయన, ఎప్పుడూ వెళ్ళని ఊరి పేరు పలికినట్టు. "ఇక్కడ చలిగా ఉంది. మా వాళ్ళెవరైనా వస్తున్నారా?"

అంతలో అసిస్టెంట్ అందర్నీ నిశ్శబ్దంగా ఉండమన్నాడు. ఎవరో వచ్చి ఆయన ముఖం మీదకి గుడ్డ లాగారు. రస్సెల్ వెళ్ళి తలుపు దగ్గర నిలబడక తప్పలేదు.

ఎనిమిదో టేకు. రస్సెల్ వచ్చి గుడ్డ తొలగించాడు. వెలుగు ఎక్కడ పడుతుందో, కెమెరా ఎటుందో అతనికి గుర్తు లేదు. నెరిసిన కనుబొమలు, గడ్డం కింద పాత మచ్చ, లోతుకుపోయిన కణతలు, ఒక్కొక్కటే చూశాడు. మూసిన ఆ రెప్పల వెనక తన మాస్టారు ఇంకా ఉన్నాడా అని వెతికాడు. కన్నీరు రాలేదు. గుడ్డ పట్టుకున్న చెయ్యి కిందికి దిగలేదు.

"ఈయన మా నాన్నే," అనాలి. అన్నాడు. అది ప్రశ్నలాగా వచ్చింది.

లొరేన్ చాలాసేపు కట్ చెప్పలేదు. తర్వాత చిన్న గొంతుతో, "ఇక చాలు. అయిపోయింది," అంది.

లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. హార్లన్ లేచి కూర్చుని కాళ్ళతో బూట్ల కోసం తడుముకుంటున్నాడు. రస్సెల్ నేలమీద మోకరించి ఆయన పాదాలకి మేజోళ్ళు తొడిగాడు. పాదాలు రాయిలా చల్లగా ఉన్నాయి.

"మాస్టారూ," అన్నాడు తలెత్తకుండా, "ఇందాక మీరు నటించారా? నిజంగానే మర్చిపోయారా?"

హార్లన్ అతని భుజం ఊతగా పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అది తెలిస్తే, నన్ను చూడటం మానేస్తావు," అన్నాడు.