నూకరాజు మోచెయ్యి, మనవరాలి ఉయ్యాల

వడ్రంగి నూకరాజు ఇంట్లో ఉన్నంత తెలివి అనకాపల్లి చుట్టుపక్కల ఇంకెక్కడా లేదని చెప్తారు. చెప్పేది నూకరాజూ, ఆయన తమ్ముళ్ళు ముగ్గురూనే అనుకోండి. అయినా రోజూ చెప్తారు.

అలాంటి నూకరాజుకి కుడి మోచెయ్యి పట్టేసి ఏడాదైంది. చిత్రిక పట్టడం మాట అటుంచి, మంచినీళ్ళ చెంబు ఎత్తినా ప్రాణం విలవిల్లాడేది. అవతల కూతురికి నెలలు నిండుతున్నాయి. ఆ వంశంలో మనవల ఉయ్యాల తాత చేత్తోనే చెయ్యాలి. అందుకని టేకు పలకలు తెచ్చి గోడకి ఆనించాడు గానీ, చెయ్యగలనో లేదోనని బెంగ పట్టుకుంది.

డాక్టరు చూసి, దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ అన్నాడు. ఇంజెక్షన్ ఇస్తే వెంటనే తగ్గినట్టుంటుంది గానీ మళ్ళీ తిరగబెడుతుందట. మోచేతి కింద పట్టీ, మణికట్టుకి వ్యాయామం, పూసే మందు, ఈ మూడింట్లో ఏది నప్పుతుందో పోల్చి చూసుకోమన్నాడు.

ఇంటికొచ్చి అందరూ కూర్చున్నారు. మూడూ ఒకే చేతికి చేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందని పెద్దతమ్ముడు అప్పలకొండ అడిగాడు. ఇంత మంచి ప్రశ్న డాక్టరుకే తట్టలేదు. ఇంకేముంది, పట్టీ అప్పలకొండ కట్టుకున్నాడు. వ్యాయామం రెండోవాడు సింహాద్రి చేశాడు. మందు చిన్నవాడు పైడిరాజు పూసుకున్నాడు. నూకరాజు తీర్పరి. తీర్పు చెప్పేవాడు ఏ పక్షానా ఉండకూడదు గనక ఆయన ఏ వైద్యమూ చేసుకోకుండా, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

నెల తిరిగేసరికి తమ్ముళ్ళ మోచేతుల్లో నొప్పి లేశమైనా లేదు. మూడు వైద్యాలూ దివ్యంగా పనిచేస్తున్నాయని వెళ్ళి చెప్తే డాక్టరు తల పట్టుకున్నాడు.

"నొప్పే లేని చేతికి వైద్యం చేస్తే ఏం తెలుస్తుందయ్యా?"

నిజమే కదా అనిపించింది. అయితే ముందు నొప్పి రావాలి. నొప్పి చిత్రిక పట్టడం వల్లే వస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇంట్లో ఉన్న చెక్కంటే ఆ ఉయ్యాల పలకలే. అంతే, ముగ్గురూ వంతులేసుకుని పట్టారు. పన్నెండో రోజుకి పైడిరాజు మోచెయ్యి సలిపింది. మిగతా ఇద్దరికీ కూడా వచ్చాక బెల్లం పంచారు. అప్పటికి పలకలు అప్పడాల్లా పలచబడి, ఆఖరికి పొట్టయిపోయాయి.

మనవరాలు పుట్టింది. బారసాల దగ్గరపడింది, పలక లేదు. నూకరాజు ఇల్లంతా వెతికి, వీధి తలుపు ఊడదీసి ఉయ్యాల చేశాడు. గొళ్ళెం మంచి ఇనుముది, తీసెయ్యబుద్ధి కాక దానికే ఉంచేశాడు. పని పూర్తయ్యాక గానీ మోచెయ్యి నొప్పి పెట్టలేదని తెలియలేదు. రెండు నెలలు ఆ చేతికి పనే లేదన్న సంగతి ఎవరికీ తోచలేదు.

"నా నొప్పి మీరు ముగ్గురూ పంచేసుకున్నార్రా," అన్నాడు నూకరాజు. నిజంగానే ఏడ్చాడు.

"అన్నియ్యవి. ఆమాత్రం చెయ్యమేటి?" అన్నాడు అప్పలకొండ, పట్టీ సర్దుకుంటూ.

పాపకి పేరు పెట్టాక, ఎత్తుకుని అందరూ డాక్టరుకి చూపించడానికి బయల్దేరారు. వీధి మలుపులో నూకరాజుకి ఇల్లు గుర్తొచ్చింది. అసలే దొంగల రోజులు. గబగబా వెనక్కి వెళ్ళి, ఖాళీ ఉయ్యాలకి గొళ్ళెం పెట్టి తాళం వేశాడు. కుడిచేత్తో రెండుసార్లు గట్టిగా లాగి చూశాడు. నొప్పి లేదు. తాళంచెవి మొలలో దోపుకుని, తెరిచి ఉన్న గుమ్మంలోంచి నిశ్చింతగా బయటికి నడిచాడు.