నాంచారమ్మ జాడీ

ఏ ఊరో మరిచాను గానీ, అక్కడి మునసబు భూషయ్య దొడ్లో ఒక ఏడాది టమాటాలు విరగకాశాయి. నాలుగు బుట్టలు పేద నాంచారమ్మ గుమ్మంలో దింపించాడు.

"నిల్వ పచ్చడి పెట్టి పంపు. ఉప్పూ కారం నూనే నీవే. మునసబు ఇంటికి అలా పెట్టడం ఆచారం!"

ఆమె ఇంట్లో నూనెంతా మొదటి బుట్టకే అయిపోయింది. ఆ పచ్చడిని ఇంట్లోకెల్లా పెద్ద జాడీలో పెట్టి మోసుకెళ్లింది.

పచ్చడి తీసుకుని, వాకిట్లో పదిమంది ముందు భూషయ్య ఖాళీ జాడీ ఇవ్వబోయాడు.

"అయ్యో బాబుగారూ, తెచ్చిన గిన్నె ఉత్తగా పంపుతారా? అదీ ఆచారమే కదండీ!"

భూషయ్య వాకిట్లో జనం వంక చూశాడు. "ఏం పొయ్యమంటావ్?"

"నూనె చాలు బాబూ. ఇంకా మూడు బుట్టలున్నాయిగా, మూడుసార్లూ ఈ జాడీలోనే తెస్తాను."

భూషయ్య జాడీ నిండా నూనె పోయించి, "ఆ బుట్టలు నువ్వే ఉంచుకో తల్లీ!" అన్నాడు.