అలిసిన కాలి కొలత

అనగనగా ఒక అడవిలో, ఆ అడవి మొత్తం మీద అందరికంటే ఎక్కువ అలిసిపోయిన ఎలుగుబంటి ఒకటి ఉండేది. పేరు నల్లమ్మ. నీకంటే ఎక్కువగానా అమ్మా అని అడక్కండి. పొద్దుట్నుంచి చీరల కొట్లో నిలబడి వచ్చాను, దాంతో పోటీ పెట్టుకునే ఓపిక నాకు లేదు. కాస్త ఆ పాదం నొక్కుతూ వినండి.

నల్లమ్మకి ఇద్దరు పిల్లలు. పెద్దది మిరియం, చిన్నది చింతగింజ. ఆ ఏడు ఎండలకి గుహ పక్కనున్న వాగు ఎండిపోయింది. ఇక నీళ్ళు మిగిలింది రెండు కొండల అవతల ఒక దొనలో. దొన అంటే బండల మధ్య వాన నీళ్ళు నిలిచే గుంట. పొద్దెక్కేసరికి ఏనుగుల మంద దిగి దాన్ని బురద చేసేసేది. అంతకు ముందే వెళ్ళాలి. ఎండిన సొరకాయ బుర్రలో నీళ్ళు నింపుకుని, మెడకి కట్టుకుని తిరిగి రావాలి. తిరిగొచ్చే వేళకి బండలు పెనంలా కాలుతుండేవి.

పిల్లల్ని వీపున వేసుకుని వెళ్ళొచ్చుగా అంటారు, నాకు తెలుసు. దారిలో చిరుత గుహ ఉంది. పెద్ద ఎలుగుబంటి ఒంటరిగా పోతే చిరుత ఊరుకుంటుంది. వీపున కూనలుంటే ఊరుకోదు.

నడిచి వెళ్తే ఏనుగులే ముందు చేరతాయి. కాబట్టి పరుగెత్తాలి. నల్లమ్మ బుద్ధెరిగాక ఏనాడూ పరుగెత్తింది లేదు. మొదటి రోజే అరికాళ్ళు బొబ్బలెక్కాయి. కుంటుకుంటూ వస్తుంటే బుర్రలో నీళ్ళు సగం ఒలికిపోయాయి. పిల్లలిద్దరూ తలా నాలుగు గుటకలు తాగారు. సాయంత్రానికి చింతగింజ నాలుక పిడచకట్టుకుపోయింది. ఆడుకుందాం రమ్మని మిరియం లాగినా లేవలేదు.

"ఇక బూట్లు కొనాల్సిందే," అనుకుంది నల్లమ్మ.

దాని ఆస్తల్లా ఒక్క తేనెపట్టు. వానాకాలంలో పిల్లలకి పెట్టొచ్చని దాచింది. దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆకులో చుట్టుకుని, తెల్లారగానే అంగడికి వెళ్ళింది.

బూట్ల కొట్లు రెండే. ఒకటి ముళ్ళపంది ముళ్ళయ్యది. దాని వాకిలికి ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. రెండోది కొండముచ్చు తోకన్నది.

"ఆ ముసలాడి కోసం చూడకు వదినా! పొద్దుగూకితే గానీ లేవడు, ఒట్టి బద్ధకస్తుడు. నువ్విలా రా," అని పిలిచాడు తోకన్న.

ఎర్రగా నిగనిగలాడే బూట్లు తీసి ముందు పెట్టాడు. "చిరుత వేసుకునేవి ఇవే! వేసుకుంటే గాలిలో తేలిపోతావు."

"ఎంత?"

"కాలికో ముక్క. నాలుగు కాళ్ళకి నాలుగు ముక్కలు."

"నా దగ్గర ఉన్నవే నాలుగు. రెండిస్తాను."

తోకన్న తల గోక్కున్నాడు. "సరే, నీ మొహం చూసి ఇస్తున్నాను. ఇంకెవరితోనూ చెప్పకు."

రాత్రంతా నిద్రపోయి లేచిన కాళ్ళు. బూట్లు అతికినట్టు సరిపోయాయి. నల్లమ్మ మురిసిపోయింది.

అటునుంచి అటే దొనకి బయల్దేరింది, వెళ్ళేటప్పుడు నిజంగానే తేలిపోయింది. ఏనుగుల కంటే ముందే చేరింది, బుర్ర నిండా నీళ్ళు నింపుకుంది. తిరుగు దారిలో ఎండెక్కింది. కాళ్ళు పొంగాయి. బూట్లు మాత్రం పొంగవు కదా! వేళ్ళు నలిగిపోయాయి, గోళ్ళు కమిలిపోయాయి. రెండో కొండ మీద కూలబడి ఒక్కో బూటూ పీకేస్తుంటే, మెడలో బుర్ర ఒరిగి నీళ్ళు కారిపోయాయి. అడుగున పుడిసెడు మిగిలాయి.

ఆ పుడిసెడూ చింతగింజకే పోసింది. మిరియం ఖాళీ బుర్ర అంచు నాకింది. కాళ్ళ నొప్పి కంటే అదే నల్లమ్మకి ఎక్కువ బాధ అనిపించింది.

మళ్ళీ తెల్లారగానే తోకన్న దగ్గరికి వెళ్ళింది. "ఇవి పట్టేస్తున్నాయి తమ్ముడూ. మార్చి ఇవ్వు."

"వేసుకున్నవి వెనక్కి తీసుకోను వదినా! ఇదిగో, ఇవి చూడు. దూదితో కుట్టినవి, ఎంత మెత్తగా ఉన్నాయో! పెద్ద సైజు తీసుకో, ఈ జన్మలో పట్టెయ్యవు. ఒక్క ముక్క చాలు."

నల్లమ్మకి బేరమాడే ఓపిక కూడా లేకపోయింది. ముక్క ఇచ్చి తెచ్చుకుంది.

ఆ పొద్దుటే దొనకి పోతుంటే ఆ బూట్లలో కాళ్ళు గంపలో దుంపల్లా దొర్లాయి. మొదటి కొండ దిగుతుంటేనే మడమ జారింది. నల్లమ్మ దొర్లుకుంటూ పోయి తుప్పల్లో పడింది. లేచి దులుపుకుని, బూట్లని ఈడ్చుకుంటూ దొన చేరేసరికి ఏనుగులు వచ్చి వెళ్ళిపోయాయి. బురద మిగిలింది. ఆ బురదే బుర్రలోకి ఎత్తుకుంది. ఇంటికొచ్చి ఆకుల్లో వడగట్టి, కారిన చుక్కలు పిల్లల నోట్లో వేసింది.

చింతగింజ కళ్ళు మూసుకునే చప్పరించింది. కళ్ళు తెరవలేదు.

నల్లమ్మకి ఏడుపొచ్చింది. ఏడిచే తీరిక కూడా లేదు కనుక లేచింది. పొద్దు వాలుతోంది. మిగిలిన ఒక్క ముక్కా పట్టుకుని, వాచిన కాళ్ళతో ఈడ్చుకుంటూ అంగడికి వెళ్ళింది. తోకన్న కొట్టు కట్టేసి వెళ్ళిపోయాడు. ముళ్ళయ్య అప్పుడే వాకిట్లో ముళ్ళకంప తీస్తున్నాడు.

"తాతా, రెండుసార్లు వచ్చాను. పొద్దున ఒక్కనాడూ తెరవవేం?" అంది కోపంగా.

"పొద్దుటి కాళ్ళు అబద్ధం చెబుతాయమ్మాయ్," అన్నాడు ముళ్ళయ్య. "అందుకే ఆ వేళప్పుడు కొలతలు తీసుకోను. ఎవరొచ్చినా సరే, ముందు ఆ గుట్ట దాకా పోయి రమ్మంటాను."

"నా వల్ల కాదు. ఒక్క అడుగు వెయ్యలేను."

ముళ్ళయ్య దాని కాళ్ళ వైపు చూశాడు. "నువ్వు పోనక్కర్లేదులే. కూర్చో."

వాచిన కాళ్ళు నాలుగూ మట్టిలో ఆనించమన్నాడు. ముద్ర చుట్టూ తన ముల్లుతోనే గీత గీశాడు. వేళ్ళ ముందు ఒక బొటనవేలంత జాగా వదిలాడు. తర్వాత లోపలికి పోయి, వెతికి వెతికి, దుమ్ము పట్టిన బూట్లు నాలుగు తెచ్చాడు. మట్టి రంగు, అదీ వెలిసిపోయింది.

"నిరుడు కుట్టినవి. రంగు బాగాలేదని ఎవరూ కొనలేదు. అడుగు అట్ట గట్టిది, కుట్టు గట్టిది. ఇదిగో, ఈ నార తాళ్ళు చూశావా? వెళ్ళేటప్పుడు బిగించుకో. కాలు పొంగగానే ఆగి వదులు చేసుకో. ఆగడానికి సిగ్గుపడకు."

నల్లమ్మ ఆఖరి ముక్క అతని ముందు పెట్టింది. "నా దగ్గర ఇంతే ఉంది తాతా."

"వీటికి అంతే అవుతుంది," అన్నాడు ముళ్ళయ్య.

మర్నాడు నల్లమ్మ తాళ్ళు బిగించుకుని బయల్దేరింది. తేలిపోలేదు. మామూలుగా ఆయాసపడుతూనే పరుగెత్తింది. ఏనుగులు అవతలి గట్టున కనబడుతుండగా బుర్ర నింపుకుని వెనుదిరిగింది. ఎండెక్కింది, కాళ్ళు పొంగాయి. సరిగ్గా చిరుత గుహ ముందు ఆగి, తాళ్ళు వదులు చేసుకోవాల్సి వచ్చింది.

చిరుత నీడలో పడుకుని చూస్తోంది. "ఏంటవి, వెలిసిపోయినవి?" అంది వెటకారంగా.

"బూట్లు. నీవి ఎర్రవంటగా?"

"నావా? నేనెప్పుడు వేసుకున్నాను?" అంటూ చిరుత వట్టి పాదాలు చాపి ఆవులించింది.

నల్లమ్మకి తోకన్న గుర్తొచ్చాడు. తిట్టుకోవాలనిపించింది గానీ, ఊపిరి మిగిలిన దారికి దాచుకుంది. కాలిపోతున్న బండల మీద మెల్లగా, ఒక్క చుక్క ఒలకకుండా ఇల్లు చేరింది.

చింతగింజ మొదటి గుటకకి కళ్ళు తెరిచింది. పదో గుటకకి లేచి కూర్చుంది. మిరియం కడుపు నిండా తాగి, మూతి తుడుచుకుని అడిగింది. "అమ్మా, చిరుత కంటే వేగంగా పరుగెత్తావా?"

నల్లమ్మ తాళ్ళు విప్పి, కాళ్ళు చాపుకుని, గోడకి చేరగిలబడింది.

"లేదే తల్లీ. తిరిగొచ్చాను."

అంతే కథ. రేపు మీకు బడి బూట్లు కొనడానికి నేను కొట్టు నుంచి వచ్చాకే వెళ్దాం. మీరూ బడిలో ఆడి ఆడి రండి. ఇక ఆ రెండో పాదం నొక్కండి.

నీతి: కాళ్ళకి వేసుకునేదైనా, నెత్తికి ఎత్తుకునేదైనా, అలిసిపోయినప్పటి ఒంటిని అడిగి ఎంచుకోవాలి.