కాదనే విందు

ఆచార్య అంబ్రోసియుస్‌గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతిలో ఏదో ఒక బరువు పెట్టి వెంట రమ్మనేవారు. నీళ్ల బాల్చీ కావచ్చు, కట్టెల మోపు కావచ్చు, ఒకసారైతే పొరుగింటివారి జబ్బు మేక. మోస్తూ నడిచిన శిష్యుల్లో కొందరికి దారిలోనే జవాబు దొరికేది. మిగిలినవారికి భుజాలు నొప్పి పుట్టేవి.

జర్మన్ల నేల చిన్న చిన్న సంస్థానాలుగా చీలి ఉన్న కాలమది. వాటిలో రోట్‌బ్రున్ ఒకటి, దాని ప్రభువు ఎగోన్. ప్రభువు వేట గుర్రాలు రైతుల చేలను తొక్కి పాడుచేస్తున్నాయని ఆచార్యుల శిష్యుడు యోఆఖిమ్ తన పేరు పెట్టకుండా ఒక చిన్న పుస్తకం రాశాడు. దాన్ని అచ్చువేసిన క్రిస్పిన్‌ను చెరసాలలో పెట్టారు. రాసిందెవరని ఎంత గద్దించినా క్రిస్పిన్ నోరు విప్పలేదు. ఆ నాటి నుంచి యోఆఖిమ్‌కు తిండి సహించడం లేదు.

ఒకనాడు అతను వచ్చి అడిగాడు. "గురువుగారూ, ప్రభువు ఆస్థానానికి ఒక తత్త్వవేత్త కావాలట. ఆలోచించే మనిషి రాజు పక్కన కూర్చోవచ్చా? కూర్చుంటే క్రిస్పిన్‌ను విడిపించగలను కదా!"

ఆచార్యులు తమ బరువైన ఉన్ని కోటు తీసి అతని చేతిమీద వేశారు. "బుధవారం విందుకు వెళ్తున్నాను. ఇది పట్టుకుని నాతో రా" అన్నారు.

ఆ విందు సంగతి కాస్త చెప్పాలి. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. ఈ రాజు తలచుకున్నది మాత్రం ఆలోచనలను. అన్నిటినీ సందేహించడమే జ్ఞానానికి మొదలని ఏదో కొత్త పుస్తకంలో చదివాడు. అంతవరకు తానా అంటే తందానా అనే కొలువంతటినీ చూసి విసుగెత్తి ఒక ఆజ్ఞ ఇచ్చాడు. బుధవారం విందులో ప్రభువు ఏమన్నా అందరూ కాదనాలి, కారణం చూపాలి. ఔనన్నవాడు కుర్చీ వదిలి వెళ్లిపోవాలి, మళ్లీ రాకూడదు. పాపం, మంచి మనసుతోనే ఇచ్చాడు.

ఆ బుధవారం గురువు పక్కనే యోఆఖిమ్‌కూ ఒక కుర్చీ వేశారు. ప్రభువు గ్లాసు కిందపెట్టి, "ఆ అచ్చువాడు క్రిస్పిన్‌ను వదిలేద్దామనుకుంటున్నాను. మా గుర్రాలు చేలు తొక్కిన మాట నిజమే కదా" అన్నాడు.

యోఆఖిమ్ ఆశగా ముందుకు వంగాడు. మంత్రి లేచి, "కూడదు ప్రభూ, ఒకణ్ణి వదిలితే ఊరంతా అచ్చువేస్తుంది" అన్నాడు. మతాధికారి లేచి, "కూడదు ప్రభూ, చెరసాలలో అతని ఆత్మ బాగుపడుతోంది" అన్నాడు. అలా వరస యోఆఖిమ్ దాకా వచ్చింది. అతను అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఔనంటే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే రేపు క్రిస్పిన్ తరఫున అడిగేదెవరు? ఈ పూటకు కుర్చీ నిలబెట్టుకుంటే చాలనుకున్నాడు.

లేచి, "జాలితో ఇచ్చే విడుదల న్యాయం కాదు ప్రభూ. నిర్దోషి అని తేలేదాకా అతన్ని ఉంచడమే అతనికి గౌరవం" అన్నాడు. బల్ల చుట్టూ చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టవలసిన మాటే మరి, అంత చక్కని అబద్ధం!

చివరికి ఆచార్యులు లేచారు. "మీరన్నదే సరి ప్రభూ. వదిలేయండి" అన్నారు. ఎవరూ చెప్పకముందే శిష్యుడి చేతిమీది కోటు తీసుకుని బయటికి నడిచారు.

ప్రభువు తికమకపడ్డాడు. "మీరంతా నా ఆజ్ఞ పాటించి నన్ను కాదన్నారు. ఆయన నా ఆజ్ఞ మీరి నా మాటకు ఔనన్నాడు. ఇందులో సొంతంగా ఆలోచించిందెవరు?" అని అడిగాడు. ప్రభువు తన అభిప్రాయం చెప్పలేదు గనుక దేన్ని కాదనాలో ఎవరికీ తోచలేదు. ప్రభువే మళ్లీ, ఇంతమంది వద్దంటున్నారు గనుక క్రిస్పిన్ సంగతి మరోసారి చూద్దామన్నాడు. అందరికన్నా బాగా వాదించాడని ఆస్థాన తత్త్వవేత్త కుర్చీ యోఆఖిమ్‌కు ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే యోఆఖిమ్ గురువుగారి ఇంటికి వచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నేను తప్పు చేశానా గురువుగారూ? అది నా మనసులో మాట కాదు, విందు నియమం. మీరు నిజం చెప్పారు, మీ కుర్చీ పోయింది, క్రిస్పిన్ బయటికి రాలేదు. నేను అబద్ధం చెప్పాను, నా కుర్చీ ఉంది, వచ్చే బుధవారం అతని గురించి..." అని ఆగిపోయాడు. వచ్చే బుధవారం కూడా అది కాదనే విందే. "ఇద్దరిలో అతనికి మేలు చేసిందెవరో నాకు అర్థం కావడం లేదు."

ఆచార్యులు రొట్టె, జున్నుముక్క గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టారు. ఆ బుట్టను అతని చేతికిచ్చారు.

"చెరసాలకు తీసుకెళ్లు. నీకు కుర్చీ దొరికిందని క్రిస్పిన్‌కు నువ్వే చెప్పు. ఏమంటాడో విని వచ్చి, నాకూ చెప్పు."